చేపల తొట్టి గాలి

1998లో నేను చిక్కడపల్లిలో ఒక షీల్డుల దుకాణంలో లేజర్ మిషన్ నడిపేవాణ్ణి. ఆటల పోటీల్లో ఇచ్చే షీల్డులు, సన్మానాల మెమెంటోలు, ఇళ్ల ముందు తగిలించుకునే నేమ్ ప్లేట్లు మా సరుకు. లేజర్ అంటే కంటి ఆపరేషన్లకు వాడేదని అప్పటికి జనానికి కొంచెం తెలుసు. అది కట్టెను కూడా కోస్తుందంటే మాత్రం నవ్వేవారు. మా యజమాని జనార్దన్ గారు విదేశంలో ఎవరో వాడి వదిలేసిన మిషన్‌ను ఓడలో తెప్పించి, వెనక గదిలో పెట్టించి, "శంకర్, ఇగ దీనికి నువ్వే డాక్టర్‌వి" అన్నారు. అంతకుముందు నేను చేతి రంపంతో అక్షరాలు కోసేవాణ్ణి. రంపంతో మహా అయితే వేలు తెగుతుంది. ఈ మిషన్ ఏం చేస్తుందో తెలియక మొదటి రోజు నుంచీ నాకు భయమే.

లేజర్ కోస్తుంది అంటాం గానీ నిజానికి అది కాలుస్తుంది. కంటికి కనిపించని కిరణాన్ని ఒక లెన్స్ సూదిమొనంత చోటికి చేరుస్తుంది. ఆ చోట కట్టె క్షణంలో పొగైపోతుంది. కిరణం గీత వెంట నడిచినకొద్దీ ముక్క తెగుతుంది. అంటే రోజంతా నేను ఒక పెట్టెలో నిప్పు పెట్టుకుని దాని పక్కన కూర్చుంటున్నానన్నమాట. మాది పాత ఇల్లు. తలెత్తితే టేకు దూలాలు, వాటి మీద చెక్కల కప్పు. ఆ చెక్కల మీద, సరిగ్గా నా నెత్తి మీద, పద్నాలుగు మంది కుర్రాళ్లు ఉండే హాస్టల్. సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లు. కోచింగ్ అశోక్ నగర్‌లో, కిరాయి తక్కువని మకాం ఇక్కడ. వాళ్లు ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి, అదీ మా వెనక గది గోడ పక్కనుంచే. పడుకునే ముందు గ్యాస్ కట్టేశామో లేదోనని మూడుసార్లు చూసుకునే మనిషిని నేను. మా ఆవిడ దాన్ని జబ్బంటుంది. ఏరి కోరి అలాంటివాడికే ఈ పని దొరికింది.

ఆ ఏడాది నారాయణగూడలో చిన్నపిల్లల బడి నడిపే విమల టీచర్ ఒక ఆర్డర్ ఇచ్చారు. అరచేయంత కట్టె అక్షరాలు, అ నుంచి ఱ వరకు. పిల్లలు వాటి అంచు వెంట వేలు తిప్పుతూ అక్షరం నేర్చుకోవాలని ఆమె ఆలోచన. పలచని ప్లైవుడ్‌లో కోసి ఇచ్చాను. మూడో రోజే సంచీ తెచ్చి అక్షరాలన్నీ కౌంటర్ మీద కుమ్మరించారు.

"ఏంది శంకర్ ఇది? నా చేతులు చూడు."

ఆమె వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి.

"పిల్లల మూతులు, యూనిఫారాలు అన్నీ గిట్లనే అయినయ్. బడికి పంపినమా, బొగ్గుల దుకానానికి పంపినమా అని తల్లులు నన్ను దులుపుతున్నరు."

"లేజర్ అంటే జర మసి ఉంటది టీచర్."

"జర మసి అంటే పెద్దోళ్లు సర్దుకుంటరు. నా పిల్లలు అక్షరాన్ని ముందుగాల నోట్ల పెట్టుకుంటరు, తర్వాత సదువుతరు."

ఆ రోజు మిషన్‌తో వచ్చిన పుస్తకం తీసి కూర్చున్నాను. అందులో ఎయిర్ అసిస్ట్ గురించి రెండు పేజీలున్నాయి. కిరణం బయటికొచ్చే నాజిల్ నుంచే గాలి కూడా కిందికి కొట్టే ఏర్పాటు అది. పొగ లెన్స్‌కు అంటకుండా ఉండటానికే ఆ గాలి అని నేననుకునేవాణ్ణి. మిషన్‌తో వచ్చిన పంపు కూడా పిడికిలంత చిన్నది. మా ముందు గదిలో జనార్దన్ గారు అచ్చొస్తుందని పెట్టుకున్న చేపల తొట్టికి సరిగ్గా అలాంటిదే ఉండేది. అందుకే మేం దాన్ని చేపల తొట్టి గాలి అనేవాళ్లం.

చెక్క మీద పేరు చెక్కడానికి ఆ గాలి చాలు, పై పొర కాలితే సరిపోతుంది కాబట్టి. పై నుంచి కింది దాకా తెగేలా కోయాలంటే చాలదు. కాలిన పొగా, ప్లైవుడ్ పొరల మధ్య ఉండే జిగురూ ఆ సన్నని సందులోనే ఉండిపోయి అంచుకు మసిలా పట్టుకుంటాయి. పైగా మన అక్షరాలన్నీ మెలికలు. మెలిక దగ్గర మిషన్ తల నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చోట వేడి పోగవుతుంది. ఆ వేడిని, పొగను ఊది పారేయాలంటే గట్టి గాలి కావాలి.

పక్క సందులో బీరువాలకు రంగు కొట్టే ఆయన దగ్గర పాత కంప్రెసర్ ఒకటి తెచ్చి తగిలించాను. స్కూటర్ టైరులో గాలిని పౌండ్లలో చెప్పినట్టే దీన్నీ చెబుతాం. పది పౌండ్లు పెడితే మసి కొంచెం తగ్గింది. ఇరవైకి అంచు గోధుమ రంగుకు వచ్చింది. ఇరవై ఐదు దగ్గర తెల్ల చేతిరుమాలుతో అంచును గట్టిగా రుద్దినా మరక పడలేదు. ఆశపడి నలభైకి పెంచితే తెగిన చిన్న ముక్కలు ఎగిరి కిరణానికే అడ్డం పడ్డాయి. మళ్లీ ఇరవై ఐదుకు దిగి రెగ్యులేటర్ మీద సుద్దముక్కతో గీత గీశాను. ఇంకొకటి కూడా గమనించాను. ఇదివరకు కోసేటప్పుడు నాజిల్ కింద అగ్గిపుల్ల తలంత మంట ఎప్పుడూ ఆడుతుండేది. గట్టి గాలి పెట్టాక అది కనబడలేదు. ఆ రోజు ఇంట్లో గ్యాస్ ఒక్కసారే చూసి పడుకున్నాను.

ఆ సంతోషం వారం నిలిచింది. కంప్రెసర్‌లో తనంతట తాను ఆగే స్విచ్ ఎప్పుడో చెడిపోయింది. నడిచినంతసేపూ ధడధడమని ఇల్లంతా అదిరేది. ఒక రోజు పై నుంచి యాదగిరి దిగివచ్చాడు. జనగామ వైపు కుర్రాడు, ఆ హాస్టల్లో అందరికంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు.

"శంకరన్న, మీ మిషన్ నడుస్తుంటె మా అర్రల బల్ల మీద గిలాస గూడ నడుస్తున్నదే."

నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పరీక్ష నెల రోజులున్నది. నాకు ఇదే ఆఖరుసారి, వయసు దాటిపోతది. పొద్దుగాల కోచింగ్, మల్ల సాయంత్రం కోచింగ్. మజ్జాన్నం రెండు నుంచి నాలుగు దాంకనే ఈడ కూసొని సదువుకునేది. గా రెండు గంటలు జర ఆపుతవా?"

నా జవాబు వినడానికి అతను రెండు చెవుల్లోంచీ దూది ఉండలు తీసి అరచేతిలో పట్టుకున్నాడు. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఆపుత తమ్మి, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

అప్పుడే అతన్ని లోపలికి పిలిచి, ఈ చప్పుడు ఎందుకో, ఇది లేకపోతే ఏమవుతుందో ఒక ముక్క చెప్పి ఉండాల్సింది. చెబితే మా పైకప్పు కింద నిప్పు ఉందని వాళ్లకు తెలుస్తుంది, హాస్టల్ ఖాళీ చేస్తారేమో, యజమాని నన్ను అంటాడేమో అనిపించింది. నోరు మూసుకున్నాను. ఆ రెండు గంటలూ చేపల తొట్టి గాలితో పేర్లు మాత్రం చెక్కేవాణ్ణి. అది బాగానే జరిగిపోయేది.

అలా రెండు వారాలు గడిచాయి. షీల్డుల ఆర్డర్ల మధ్య వాయిదా పడుతూ వచ్చిన టీచర్ కొత్త అక్షరాలు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. మర్నాడు ఆమె బడికి ఇన్‌స్పెక్షన్. సాయంత్రం ఐదుకు వచ్చి తీసుకుపోతానన్నారు. పొద్దున తొమ్మిదికి కోద్దామని కూర్చుంటే కరెంటు పోయింది. పదకొండయింది, పన్నెండయింది, రాలేదు. సరిగ్గా రెండు దాటాక వచ్చింది. అక్షరాలన్నీ కోయడానికి రెండు గంటల పైనే పడుతుంది.

కంప్రెసర్ వేసుకోవచ్చా అని అడుగుదామని మెట్లెక్కాను. వరండాలో గదుల ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల పేజీ తిప్పిన చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. అడిగితే కాదనేవాళ్లు కారు. నాకే నోరు రాలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. మసి కొంచెం పడితే గీకి తుడిచి ఇద్దాం అనుకున్నాను. చేపల తొట్టి పంపు తగిలించి కోత మొదలుపెట్టాను.

అచ్చులు తెగాయి. నాజిల్ కింద ఆ చిన్న మంట మళ్లీ కనిపించింది. ఋ మెలికల దగ్గర అది వేలెడంత లేచింది. మిషన్ ఆపి, ఆరిపోయాక మళ్లీ నడిపాను. కళ్లు తిప్పకుండా చూస్తున్నాను కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. హల్లుల్లోకి వచ్చాను. క, ఖ, గ, ఘ. అరగంట దాటేసరికి ఆ మంటకు అలవాటు పడిపోయాను. భయపడేవాడికి అలవాటు కంటే పెద్ద శత్రువు ఉండదని అప్పటికి నాకు తెలియదు.

ముందు గదిలో ఫోన్ మోగింది. జనార్దన్ గారు పని మీద బషీర్‌బాగ్ పోయారు, నేనొక్కణ్ణే. నడుస్తున్న మిషన్‌ను వదిలి పోకూడదన్నది పుస్తకంలో మొదటి మాట. పోయాను.

"శంకర్, అయితున్నయా?" టీచర్ గొంతు.

"ఝ కాడికొచ్చిన టీచర్. ఐదింటికి తయారుంటయ్."

"ఈసారి మసి లేదు గదా?"

"లేదు టీచర్," అని అబద్ధం చెబుతుండగా ముక్కుకు వాసన తగిలింది. అది కట్టె కాలే వాసన కాదు. ప్లాస్టిక్ కాలే వాసన.

వెనక గదిలోకి పరిగెత్తేసరికి మిషన్ పెట్టె నిండా పసుపు వెలుగు. తెగి పడిన ముక్క ఒకటి మండుతూ కింది పళ్లెంలో పడినట్టుంది. అందులో వారం రోజుల పొట్టూ జిగురు ముద్దలూ ఉన్నాయి. కంగారులో మూత ఎత్తాను. అది ఇంకో తప్పు. లోపలికి గాలి తగిలి మంట నా ఛాతీ ఎత్తున లేచింది. మూత ప్లాస్టిక్ కరిగి చుక్కలు చుక్కలుగా మండుతూ రాలుతోంది. మెయిన్ స్విచ్ లాగేశాను. అప్పటికే పొగ లాగే ఫ్యాన్ మంటను కూడా గొట్టంలోకి లాగేసింది. ఆ గొట్టం గోడ వెంట పైకి పాకి, దూలం పక్కనుంచి కిటికీలోంచి బయటికి పోతుంది. అది ప్లాస్టిక్ గొట్టమే. చూస్తుండగానే అంటుకుంది. మూలనున్న ఇసుక బకెట్ ఎత్తి కుమ్మరిస్తే సగం ఇసుక, సగం మేం తాగి పారేసిన చాయ్ కప్పులు పడ్డాయి. తలెత్తి చూశాను. దూలం అంచు ఎర్రగా రాజుకుంటోంది.

ఇన్నాళ్లుగా నేను భయపడింది దీనికే. అది నా కళ్ల ముందు, నా చేతి మీదుగా జరుగుతోంది.

మెట్ల దగ్గరికి వచ్చి గొంతు చించుకుని అరిచాను. "మంటలు! అందరు కిందికి రాండ్రి! ఉరకండ్రి!" కుర్రాళ్లు పుస్తకాలతో, బనియన్లతో దబదబా దిగారు. గల్లీలోకి పోయాక ఒకడు లెక్కపెట్టాడు. పదమూడు.

"యాదగిరన్న ఏడి?"

యాదగిరి గది వెనకాల, సరిగ్గా మిషన్ మీద. మెట్ల దారిలో అప్పటికే నల్లటి పొగ. నిజం చెబుతున్నాను, నేను వెంటనే ఎక్కలేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల మొహాలు కనిపించాయి. ఎవరైనా పోతే బాగుండునని చుట్టూ చూశాను. అప్పుడే అరచేతిలోని ఆ దూది ఉండలు గుర్తొచ్చాయి. నా అరుపు అతనికి వినబడలేదు, ఇక వినబడదు కూడా. ఆ సంగతి అక్కడ తెలిసినవాణ్ణి నేనే. చొక్కా విప్పి ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎక్కాను.

గది తలుపు లోపల గడియ. రెండు చేతులతో బాదాను. పలకలేదు. వరండా వైపు కిటికీలోంచి చూస్తే అటు తిరిగి కూర్చుని రాసుకుంటున్నాడు. చెవుల్లో దూది అలాగే ఉంది. మా చప్పుడు రాకుండా వెనక కిటికీ ఎప్పుడూ మూసే ఉంచుతాడు, అందుకని పొగ ఇంకా లోపలికి పెద్దగా రాలేదు. అతని మంచం కింద చెక్కల సందుల్లోంచి మాత్రం సన్నగా పైకి లేస్తోంది. కిటికీకి ఊచలు. చేయి అందదు. కాలి చెప్పు తీసి ఊచల మధ్యనుంచి బలంగా విసిరాను. వీపు మీద తగిలింది.

కోపంగా తిరిగాడు. "ఏందన్న ఇది! రెండు నుంచి నాలుగు దాంక సప్పుడు..." అంటూ దూది తీసి, నా మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత కింద చెక్కల్ని చూశాడు.

గడియ ఒక పట్టాన రాలేదు. నేను ఊచలు పట్టుకుని "తియ్యి తమ్మి, తియ్యి" అంటూనే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. ఒకరి చేయి ఒకరం పట్టుకుని, కళ్లు మూసుకుని, గోడ తడుముకుంటూ దిగాం. చివరి నాలుగు మెట్లు పడిపోయాం.

చాయ్ బండి ఆయన, ఇస్త్రీ ఆయన, ఆ పదమూడు మంది కుర్రాళ్లు డ్రమ్ములోంచి నీళ్లు అందుకుని కొట్టారు. ఫైరింజన్ వచ్చేసరికి మంట ఆరింది. వాళ్లు గొట్టం పీకి, దూలాన్ని మళ్లీ తడిపారు. ఒకాయన దూలాన్ని వేళ్లతో తట్టి చూసి, "నసీబ్ మంచిగుంది, ఇంక జర సేపైతె పైదంత కిందికొస్తుండె" అన్నాడు. దూలం మూడడుగుల పొడవున కాలి నల్లబడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఐదింటికి విమల టీచర్ వచ్చారు. నేను తడిసిన బట్టలతో, ఒంటి కాలి చెప్పుతో అరుగు మీద కూర్చుని ఉన్నాను. నా నోట మాట రాకముందే ఆమె అడిగారు.

"అక్షరాలు గంగల కలవనీ. అందరున్నరా శంకర్?"

"ఉన్నరు టీచర్," అన్నాను. అప్పటిదాకా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు పొద్దున యాదగిరి నా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. నా చెప్పు కాగితంలో చుట్టి తెచ్చాడు.

"అన్న, నేను మిషన్ ఆపుమన్నందుకే గదా గిట్లయింది? పదమూడు మంది పానాలమీదికి తెచ్చిన నేను. రాత్రంత గదే యాదికొస్తుంది."

అవునన్నా నమ్మేవాడు. జనార్దన్ గారికి కూడా ఆ మాటే చెబితే నా ఉద్యోగం గట్టిపడేది. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. కానీ ఆ కళ్లను చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"నీ తప్పు కాదు తమ్మి. నువ్వు సప్పుడు ఆపుమన్నవ్, మిషన్‌కు గాలి తక్కువ పెట్టుమనలే. గట్టి గాలి దీపాన్ని ఆర్పుతది, సన్న గాలి కుంపటిని రాజేస్తది. చేపల తొట్టి గాలి పెట్టి నేనే ఆ నిప్పును ఊదిన. ప్రమాదమని నాకు ఎరుకే. నీకు ఎరుక లేదు."

అతను నా చెప్పును గుమ్మం పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"గీ ముచ్చట గా దినమే చెప్తే, మేమే నడుపుమందుము గదన్న. పుస్తకాలు పట్టుకొని యేడనన్న కూసుందుము."

ఇన్నేళ్ల పనిలో నన్ను ఎవరూ అంత మెత్తగా కొట్టలేదు. ఎంత గాలికి అంచు శుభ్రంగా తెగుతుందో సుద్దతో గీత గీసి మరీ పెట్టుకున్నాను. అదే గాలి పైనున్న వాళ్ల ప్రాణాలకు కాపలా అని మాత్రం ఆ ప్రాణాలున్న వాళ్లకు చెప్పలేదు. మొహమాటపడ్డాను, దానికి మంచితనం అని పేరు పెట్టుకున్నాను. నిప్పుతో పనిచేసేవాడు తన భయాన్ని దాచుకోకూడదు, చుట్టూ ఉన్నవాళ్లకు పంచాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది అంతే, కానీ దాన్ని నేర్చుకోవడం అంత తేలిక కాలేదు.

మిషన్ బాగయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఈలోగా యాదగిరి మొదటి పరీక్ష గట్టెక్కి రెండో దానికి చదువుతున్నాడు. కొత్త కంప్రెసర్‌ను పెరట్లో ఇటుకల గూడు కట్టి అందులో పెట్టించాం. పొగ గొట్టం రేకుది వేయించి, కుర్రాళ్ల మెట్లకు వెనక వైపు ఇంకో దారి తీయించారు జనార్దన్ గారు. రెండు నుంచి నాలుగు దాకా మిషన్‌కే సెలవు, చెక్కడం కూడా లేదు. పద్నాలుగు మందినీ కిందికి పిలిచి ఒకే చెక్కను రెండు రకాల గాలితో కోసి చూపించాను. సన్న గాలికి మంట లేవడం, ఇరవై ఐదు పౌండ్లకు అది మాయమవడం నోరు తెరుచుకుని చూశారు. "ఈ సప్పుడు వినవడుతున్నంత సేపు మీరు నిమ్మళంగ ఉండొచ్చు" అని చెప్పాను.

ఆ ఆదివారం పొద్దున, కుర్రాళ్లకు కోచింగ్ లేని వేళ, టీచర్ అక్షరాల కోసం మళ్లీ కూర్చున్నాను. అ తెగింది, ఆ తెగింది. పెరట్లో కంప్రెసర్ ఠక్కున ఆగింది. వెంటనే పై నుంచి దడదడమని చప్పుడు. చూస్తే పద్నాలుగు మందీ మెట్ల మీద ఉన్నారు, చేతుల్లో పుస్తకాలు, మొహాల్లో నెత్తురు చుక్క లేదు. అందరికంటే ముందు యాదగిరి. చెవుల్లో దూది లేదు.

"అన్న, సప్పుడు ఆగింది! ఏమైంది?"

కొత్త కంప్రెసర్‌లో గాలి నిండగానే అది తనంతట తాను ఆగుతుంది, తగ్గగానే మళ్లీ నడుస్తుంది. అన్నీ చెప్పాను గానీ ఆ ఒక్కటీ వాళ్లకు చెప్పడం మరిచిపోయాను.